గొడ్డుచాకిరీకి ఒక అవతారిక

మన ప్రబంధాల్లో కథకంటే ముందు అవతారిక ఉంటుంది. కవి ఇష్టదేవతలకు మొక్కుతాడు, పూర్వకవులను తలుచుకుంటాడు, కుకవులకు నాలుగు అంటిస్తాడు, ఆపైన కొలువుకూటంలోకి అడుగుపెడతాడు. రాజు తానే పిలిచి, ఫలానా కావ్యం చెప్పి మాకు అంకితమివ్వమంటాడు. కవి సరేనని వంశవర్ణన మొదలుపెట్టి షష్ఠ్యంతాల దాకా నడిపిస్తాడు. అసలు సంగతిలో ఎవరు ఎవర్ని ముందు అడిగారో మనకు తెలియదు. అవతారికలో మాత్రం రాజే అడుగుతాడు.

అలాంటి పిలుపు రాని రచయిత ఏం చెయ్యాలి? తానే వెళ్ళి తలుపు తట్టాలి. ఇంకా రాయని పుస్తకం గురించి, దాని మీద డబ్బు పెట్టబోయే మనిషికి నమ్మకం కుదిరేలా రాసి చూపించాలి. ఇవాళ విశ్వవిద్యాలయాల ప్రచురణ సంస్థలు దీన్ని బుక్ ప్రపోజల్ అంటున్నాయి. పుస్తకం దేని గురించి, ఎవరు కొంటారు, ఇప్పటికే ఉన్నవాటికీ దీనికీ తేడా ఏమిటి, అధ్యాయాలేవి, ఎంత పొడుగు, ఎప్పటికి చేతికిస్తావు, ఇంతకీ నువ్వెవరు అన్నవాటికి కొద్ది పుటల్లో జవాబు చెప్పాలి. మచ్చుకు ఒకటో రెండో అధ్యాయాలు జతచెయ్యాలి. సంపాదకుడికి నచ్చితే ఆ కట్ట ఆ విషయం తెలిసిన బయటి పండితుల దగ్గరికి పోతుంది. వాళ్ళ అభిప్రాయాలతో తిరిగొచ్చాక ఆక్స్‌ఫర్డ్‌లో అయితే డెలిగేట్లు, కేంబ్రిడ్జ్‌లో అయితే సిండిక్‌లు అనే పెద్దల సభ చివరిమాట చెబుతుంది. పరదేశంలో పీహెచ్‌డీ ముగించి, సిద్ధాంతగ్రంథాన్ని పుస్తకంగా తేవాలని తంటాలుపడే మనవాళ్ళకు ఈ దారి బాగా తెలుసు. తెలుగులో ఈ అలవాటు లేదు. రచయిత పూర్తి రాతప్రతితో, చాలాసార్లు అచ్చు ఖర్చుతో సహా వెళతాడు.

ఈ జాతి రాతల్లో చాలావాటికి పని అయ్యాక విలువ ఉండదు. పుస్తకం వచ్చాక ప్రపోజల్ ఎవరు చదువుతారు? ఒక్కదాన్ని మాత్రం నేను ఇప్పటికి చాలాసార్లు చదివాను. 1747 ఆగస్టులో లండన్‌లో అచ్చయిన 34 పుటల చిన్న పుస్తకం అది. పేరు ‘ద ప్లాన్ ఆఫ్ ఎ డిక్షనరీ ఆఫ్ ద ఇంగ్లిష్ లాంగ్వేజ్’. రాసినవాడు శామ్యూల్ జాన్సన్. నిఘంటువు బయటికి రావడానికి ఇంకా ఎనిమిదేళ్ళుంది.

ఆనాటికి జాన్సన్ పేరున్న రచయిత కాడు. లిచ్‌ఫీల్డ్ అనే ఊళ్ళో పుస్తకాల వ్యాపారి కొడుకు. డబ్బు లేక ఆక్స్‌ఫర్డ్ చదువు పదమూడు నెలలకే వదిలేశాడు. 1737లో లండన్ చేరి, ఎడ్వర్డ్ కేవ్ నడిపే ‘జెంటిల్మన్స్ మ్యాగజైన్’లో ఏది రాయమంటే అది రాసి పొట్ట పోసుకున్నాడు. కాని ఒక విద్యలో మాత్రం అప్పటికే చెయ్యి తిరిగింది, అదీ దెబ్బలు తిని. 1734లో పొలిజియానో అనే ఇటలీ కవి లాటిన్ కవితలను చందాలు పోగుచేసి అచ్చు వేస్తానని ప్రకటన ఇచ్చాడు. చందాదారులు చాలలేదు. 1738లో పావోలో సార్పి రాసిన ట్రెంట్ మతసభ చరిత్రను అనువదిస్తానని బయల్దేరాడు. సరిగ్గా అదే పుస్తకాన్ని అనువదిస్తున్న మరో పెద్దమనిషి లండన్‌లోనే తేలాడు. వింతేమిటంటే ఆయన పేరు కూడా శామ్యూల్ జాన్సనే. ఇద్దరి పనీ ఆగిపోయింది. 1745లో షేక్‌స్పియర్ నాటకాలను పరిష్కరిస్తానని, మచ్చుకు ‘మాక్‌బెత్’ మీద తన వ్యాఖ్యలను చూపించాడు. ఆ నాటకాల హక్కులు మావేనని టాన్సన్ అనే పుస్తక వ్యాపారి కన్నెర్రజేశాడు. అదీ పోయింది.

మూడు దెబ్బలూ మూడు రకాలని గమనించండి. మొదటిదానికి కొనేవాళ్ళు లేరు, రెండోదానికి పోటీ పుస్తకం ఎదురైంది, మూడోదానికి హక్కుల పేచీ వచ్చింది. ఇవాళ్టి ప్రపోజల్ ఫారంలో పాఠకులెవరు, పోటీ ఏది, అనుమతులున్నాయా అని అడిగే గడులు ఇవే. ఆ ఫారం పుట్టకముందే జాన్సన్ దానికి జరిమానా కట్టేశాడన్నమాట.

నిఘంటువు ఆలోచన రాబర్ట్ డాడ్‌స్లీది. ఒకప్పుడు దొరల ఇళ్ళలో నౌకరీ చేసి, తర్వాత పుస్తకాల కొట్టు పెట్టి గొప్పవాడైన మనిషి. జాన్సన్ ఒకరోజు ఆయన కొట్టులో కూర్చుని ఉండగా, ఇంగ్లిషుకో మంచి నిఘంటువు వేస్తే జనం ఆదరిస్తారని డాడ్‌స్లీ అన్నాడట. ఆ మాట మొదట జాన్సన్‌ను పట్టుకున్నట్టే కనిపించిందట. కాసేపాగి, నేనా పనికి పూనుకోనులే అన్నాడట. జీవితచరిత్ర రాసిన బాస్‌వెల్ చెప్పిన ముచ్చట ఇది. పూనుకోను అన్నవాడే 1746 ఏప్రిల్ 30 తేదీ వేసి పందొమ్మిది కాగితాల ‘చిన్న పథకం’ రాశాడు. జూన్ 18న హోబర్న్ దగ్గర ఒక సత్రంలో ఉదయపు ఫలహారం మీద ఒప్పందం కుదిరింది. డాడ్‌స్లీ, మిల్లర్, లాంగ్‌మన్, హిచ్, నాప్టన్ వంటి పుస్తక వ్యాపారులు కలిసికట్టుగా 1,500 గినీలు, అంటే 1,575 పౌన్లు ఇస్తామన్నారు. రాతగాళ్ళ జీతాలు అందులోంచే జాన్సన్ ఇచ్చుకోవాలి. తర్వాత ఆరుగురిని పెట్టుకున్నాడు. వాళ్ళలో అయిదుగురు స్కాట్లండ్ వాళ్ళు. స్కాట్లండ్ మీద జాన్సన్ వేసిన జోకులు తెలిసినవాళ్ళకు ఇది మరీ రుచిగా ఉంటుంది.

ఆ చిన్న పథకమే మరుసటేడు పెరిగి ‘ప్లాన్’ అయింది. మొదటిది వ్యాపారులకు, రెండోది లోకానికి. అమెరికాలో హార్వర్డ్‌లోని హౌటన్ గ్రంథాలయంలో ఆ 1746 రాతప్రతి ఇప్పటికీ ఉంది. చదివినవాళ్ళు అంచుల్లో తమ అభ్యంతరాలు రాసిపెట్టారు. ఆ తర్వాతి ‘ప్లాన్’ శుద్ధప్రతి మీద కూడా ఇలాంటి రాతలున్నాయి. వాటిలో కొన్ని లార్డ్ చెస్టర్‌ఫీల్డ్‌వి. బయటి పండితుల అభిప్రాయం తీసుకోవడం ఈ కాలం కనిపెట్టిందేమీ కాదు.

‘ప్లాన్’ను చెస్టర్‌ఫీల్డ్ ప్రభువును ఉద్దేశించి లేఖలాగా రాశాడు. ఆయన అప్పుడు రాజుగారి ముఖ్య కార్యదర్శుల్లో ఒకడు, భాషలో పెద్దమనుషులందరికీ కొలబద్ద. ఎంతో లోతుగా ఆలోచించి ఆయన్ని ఎంచుకున్నాడని అనుకుంటాం. జాన్సనే తర్వాత అసలు గుట్టు విప్పాడు. రాయడం ఆలస్యమైంది. చెస్టర్‌ఫీల్డ్ పేర రాస్తే బాగుంటుందని డాడ్‌స్లీ అన్నాడు. ఇంకొంచెం బాగా రాయాలి కదా అనే సాకు దొరికిందని జాన్సన్ పట్టుకున్నాడు. దీనివల్ల మేలేమైనా జరిగితే జనం దాన్ని గొప్ప ఎత్తుగడ అనుకుంటారు, నిజానికది నా బద్ధకం అని స్నేహితుడితో నవ్వుతూ అన్నాడట.

ఇక ఎత్తుగడ చూడండి. ప్రతిపాదన రాసేవాడు మామూలుగా తన విషయం ఎంత ముఖ్యమైనదో చెప్పడంతో మొదలుపెడతాడు. ఈ రంగంలో ఇప్పటిదాకా ఇలాంటి పుస్తకం లేదు అన్న వాక్యం చదివి చదివి సంపాదకుల కళ్ళు అలిసిపోతుంటాయి. జాన్సన్ దీన్ని తిరగేశాడు. నిఘంటువు రాయడం గుడ్డివాడి చాకిరీ అని, దానికి చదువు వెలుగూ అక్కర్లేదు, ప్రతిభా అక్కర్లేదు, బరువు మొయ్యగల ఓపిక ఉంటే చాలునని లోకం అనుకుంటున్న సంగతి నాకు తెలుసు అంటూ మొదలుపెట్టాడు. కూలి తప్ప వేరే ఫలం ఆశించలేదనీ, పుస్తకం హక్కుదారులైన వ్యాపారుల కంటే పెద్ద ప్రాపు దొరుకుతుందని అనుకోలేదనీ ఒప్పుకున్నాడు. పాఠకుడి నోట్లో ఉన్న ఎగతాళిని ముందే తాను పలికేశాడు. ఇక ఆ మాట అనే అవకాశం ఎవరికీ మిగల్లేదు. ఆ గొడ్డుచాకిరీ మాట ఆయన్ని చివరిదాకా వదల్లేదు. పూర్తయిన నిఘంటువులో నిఘంటుకర్త అన్న మాటకు ఆయన ఇచ్చిన నిర్వచనంలో కూడా అదే చాకిరీ, ఈసారి ఎవరికీ హాని చెయ్యని చాకిరీగా, కనిపిస్తుంది.

ఆ తర్వాత ఆయన తన పుస్తకాన్ని పొగడడు. ఈ రాతలో నాకు అన్నిటికంటే నచ్చిన పనితనం ఇదే. ఎదురయ్యే చిక్కులను ఒక్కొక్కటే మన ముందు పరిచి, వాటిని విప్పుతూ పోతాడు. ముందుగా ఏ మాటలు చేర్చాలి, ఏవి వదలాలి? భాష శుద్ధిని కాపాడటమే లక్ష్యమైతే సొంత మాటలే చాలు. శాస్త్రాల మాటలూ వృత్తుల మాటలూ ఎందుకు? ఫ్రెంచి అకాడమీ పండితులు మొదట అలాగే శాస్త్ర పదాలను పక్కనపెట్టి, తర్వాత చేర్చక తప్పదని తెలుసుకున్నారని గుర్తుచేస్తాడు. విమర్శకుడు మెచ్చుకుని, నేర్చుకునేవాడికి పనికిరాని నిఘంటువు దేనికి? పండితుడు చూసి ఆనందించే యంత్రం పనివాడి చేతికి లొంగకపోతే ప్రయోజనమేమిటి? అలా యుద్ధం, నౌకాయానం, న్యాయం, వ్యాపారం మాటలన్నీ వచ్చి చేరతాయి.

సరే, మరి కుక్క, పిల్లి, గుర్రం, గులాబి? వాటికి అర్థం చెప్పించుకునేవాడు ఎవడుంటాడు? కాని మొసలి, ఊసరవెల్లి, ముంగిస, హైనా పేర్లు చదివినవాడు నిఘంటువు తెరుస్తాడు కదా. లండన్ మనిషికి ముంగిస ఏం తెలుసు? తెలిసిన జంతువుకూ తెలియని జంతువుకూ నడుమ గీత ఎక్కడ గియ్యాలి? పదిమందికి అక్కర్లేనిది కనబడినా నష్టం లేదు, ఒక్కడు వెతికింది దొరక్కపోతేనే తప్పు అన్న నిర్ణయానికి వస్తాడు. పైగా అందరికీ తెలిసిన మాటకు కూడా పలుకుబడి, పుట్టుక చెప్పాల్సి ఉందంటాడు. ఈ వాదన చదువుతుంటే, ఇంటి ముందు నిలబడి పునాది గీతలు గీస్తున్న మేస్త్రీని చూస్తున్నట్టుంటుంది. గోడ ఇక్కడే ఎందుకు, అడుగు అవతల ఎందుకు కాదు అన్నది ఆయన నోటివెంటే వింటున్నాం. డబ్బు పెట్టేవాడికి కావలసింది ఇదే. పని పూర్తి కాకముందు పనితనాన్ని చూడాలంటే ఆలోచన నడకనే చూడాలి.

ఉచ్చారణ దగ్గర ఇంకో ముచ్చట ఉంది. ఇంగ్లిషులో రాత ఒకటి, పలుకు ఒకటి. గాలి అనే అర్థంలో వాడే ‘విండ్’ అప్పటి కొందరి నోట ‘మైండ్’తో ప్రాస కలిసేది, చాలామంది నోట కలవడం మానేసింది. ‘ఫ్లో’, ‘బ్రౌ’ మాటలకు రాతలో తోకలు ఒకటే, పలుకు వేరు. దీనికి జాన్సన్ చెప్పిన ఉపాయం ఛందస్సు తెలిసినవాడి ఉపాయం: ప్రతి ఏకాక్షర పదం పక్కనా దానితో ప్రాస కలిసే జంటపదాన్ని కాపలా ఉంచడం. ఒకటి జారిపోబోతే రెండోది పట్టుకుంటుంది. మనకు ఈ బాధ తక్కువే గాని అసలు లేకపోలేదు. చక్రంలో చ వేరు, చలిలో చ వేరు. తెలియనివాడికి ఆ తేడా అక్షరం చెప్పదు.

వాక్యనిర్మాణానికి సూత్రాలు కుదరవని తేల్చేసి, రెండే రెండు ఉదాహరణలిస్తాడు. సైనికుడు గాయాల వల్ల చనిపోయాడనడానికి ఇంగ్లిషులో ఒక విభక్తి, నావికుడు ఆకలితో మరణించాడనడానికి ఇంకొకటి. వాటిని తారుమారు చేస్తే భాష తెలిసిన ప్రతివాడి చెవీ నొచ్చుకుంటుంది. ఎందుకు అంటే కారణం ఎవడూ చెప్పలేడు. మనమూ ఆకలికి అలమటిస్తాం, జ్వరంతో పడుకుంటాం. జ్వరానికి పడుకున్నాడంటే పిల్లలు నవ్వుతారు. కారణం లేని అలవాటును కూడా పట్టుకుని నమోదు చెయ్యడం నిఘంటుకర్త పని అని నిరూపించడానికి ఆయనకు నాలుగు పుటలు పట్టలేదు, ఒక సైనికుడు, ఒక నావికుడు సరిపోయారు.

అసలు రత్నం ‘అరైవ్’ అనే మాట దగ్గర ఉంది. అర్థాలను ఏ వరుసలో ఇవ్వాలో చెబుతూ, సహజమైన మూలార్థం ముందు, దాన్నుంచి పుట్టినది తర్వాత, అలంకారంగా వాడేది ఆపైన అంటాడు. ఇంతవరకు ఎవరైనా చెప్పగలరు. వెంటనే ‘అరైవ్’ను తీసుకుని చేసి చూపిస్తాడు. ఫ్రెంచి నుంచి వచ్చిన ఆ మాటకు మొదటి అర్థం ఓడ ఒడ్డు చేరడం. ఆ తర్వాత నీటి మీదనైనా నేల మీదనైనా ఒక చోటికి చేరడం, మనిషి తన పల్లెటూరి బంగళాకు చేరినట్టు. ఆపైన కోరుకున్నది సాధించడం, ఒకాయన ప్రభువు బిరుదుకు చేరినట్టు. అక్కడితో ఆగితే అది మంచి నమూనా మాత్రమే. జాన్సన్ ఇంకో అడుగు వేస్తాడు. ఓడ ఒడ్డుకు చేరడమన్న మూలం వల్ల ఈ మాట ఇష్టమైన గమ్యానికే అతుకుతుందట. మనిషి సుఖానికి చేరాడనవచ్చు. దుఃఖానికి చేరాడంటే అందులో వెక్కిరింత కలుస్తుంది.

ఇది చదివినప్పుడల్లా నాకు మన ‘గట్టెక్కడం’ గుర్తొస్తుంది. అప్పుల్లోంచి గట్టెక్కుతాం, పరీక్ష గట్టెక్కుతాం. ఎంత తిప్పలుపడ్డా అప్పుల్లోకి గట్టెక్కలేం. ఏటిలో మునుగుతూ గట్టు పట్టుకున్నవాడెవడో ఆ మాటలో ఇంకా ఊపిరి తీసుకుంటూనే ఉన్నాడు. ఇలాంటి సంగతి భాష మాట్లాడే ప్రతివాడికీ తెలుసు, ఎవడూ గమనించడు. దాన్ని గమనించగల చెవి నాకుంది అని జాన్సన్ నోటితో చెప్పలేదు. ఒక మాటకు అర్ధపుట ఖర్చుపెట్టి చూపించాడు. తన యోగ్యతల గురించి ‘ప్లాన్’లో ఆయన చెప్పుకున్నది దాదాపు ఏమీ లేదు. డిగ్రీ లేదు, పదవి లేదు. ‘అరైవ్’ ఉంది.

అర్థాలకు సాక్ష్యంగా ఉదాహరణలివ్వాలి కదా, ఏ రచయితల నుంచి అన్న ప్రశ్న వచ్చింది. ఇక్కడ మాత్రం జాన్సన్‌లోని వ్యాపారి కొడుకు బయటపడతాడు. ఆ రచయితల్లో చాలామందిని స్వయంగా పోప్ గారే ఎంచిపెట్టారనీ, ఆయనే బతికి ఉంటే ఈ పని నా చేతికి వచ్చినందుకు బాధపడేవారు కాదనీ అంటాడు. అలెగ్జాండర్ పోప్ ఆ కాలపు మహాకవి. 1744లోనే పోయాడు. బతికున్న పెద్దలు ఇచ్చే సిఫారసు మాటలకు ఇవాళ రచయితలు ఎంత తిరుగుతారో తెలిసినవాళ్ళు ఈ ఉపాయం చూసి టోపీ తియ్యాల్సిందే. పోయినవాడు కాదనలేడు. పైగా ‘బాధపడేవారు కాదు’ అన్న ఆ అణకువను చూడండి. మెచ్చుకునేవారు అని ఉంటే అబద్ధంలా ఉండేది.

చెస్టర్‌ఫీల్డ్ అధికారాన్ని కూడా ఇంతే నేర్పుగా వాడుకున్నాడు. భాషలో తమ మాటకు తిరుగులేదు, నా అభిప్రాయం చెప్పమని తమరే అన్నారు, కాబట్టి నేనిచ్చే తీర్పులు తమ తరఫున ఇస్తున్నట్టే అంటాడు. పొగడ్త లాగే ఉంది. తీర్పు చెప్పే హక్కు మాత్రం ఆ వాక్యంతో జాన్సన్ జేబులో పడింది.

అంతా బాగానే ఉందంటే అతిశయం అవుతుంది. జాన్సన్ ఇచ్చిన మాటల్లో రెండు నిలబడలేదు. ఒకటి గడువు. మూడేళ్ళలో పూర్తిచేస్తానన్నాడు. ఫ్రెంచి అకాడమీలో నలభైమందికి నలభై ఏళ్ళు పట్టింది కదా అని ఒక స్నేహితుడు అడిగితే, నలభై నలభైల పదహారు వందలు, మూడుకూ పదహారు వందలకూ ఉన్న నిష్పత్తే ఇంగ్లిషువాడికీ ఫ్రెంచివాడికీ ఉన్న నిష్పత్తి అని లెక్క కట్టి చెప్పాడు. జోకు బాగుంది. లెక్క తప్పింది. ఒప్పందం జరిగిన దాదాపు తొమ్మిదేళ్ళకు, 1755 ఏప్రిల్ 15న నిఘంటువు వచ్చింది. గడువు విషయంలో నిజం చెప్పిన ప్రతిపాదన ఉంటుందని నేను అనుకోను. చెబితే ఎవరూ ఒప్పుకోరు, రాసేవాడితో సహా.

రెండోది గడువుకంటే పెద్దది. ఉచ్చారణను స్థిరపరచి, భాష శుద్ధిని కాపాడి, దాని ఆయుష్షు పెంచే నిఘంటువు తన ఊహలో ఉందని ‘ప్లాన్’ చెబుతుంది. పదార్థానికి మూలకణాలున్నట్టు భాషకు మాటలు. ఆ కణాలకున్న స్థిరత్వం వీటికీ ఉంటే ఎంత బాగుండును అని ఆశపడుతుంది. కొనేవాళ్ళు కోరుకున్నదీ అదే. ఇటలీ, ఫ్రాన్సు అకాడమీలు పెట్టుకుని భాషకు కంచె కట్టాయి, మనకెప్పుడు అని లండన్ పెద్దమనుషులు అప్పటికి ఎన్నాళ్ళుగానో అంగలారుస్తున్నారు. కాని అదే పుటల్లో, భాష మనిషి చేసినది, మనిషే నిలకడ లేనివాడు, అతని చేతిపనికి నిలకడ ఎక్కడిది అన్న సందేహం కూడా తొంగిచూస్తుంది. మాట ఇస్తూనే ఆ మాట చెల్లదేమోనని పక్కనే రాసిపెట్టుకున్నాడు. ఎనిమిదేళ్ళ తర్వాత నిఘంటువు ముందుమాటలో ఆ సందేహమే గెలిచింది. భాషను మార్పు లేకుండా నిలిపి ఉంచగలనని ఒకప్పుడు నేనూ ఆశపడ్డాను, దానికి బుద్ధీ అనుభవమూ రెండూ ఒప్పుకోవు అని బాహాటంగా చెప్పేశాడు. పుస్తకం రాయడం వల్ల రచయితే మారిపోయాడు. ప్రతిపాదనలో చెప్పినదాన్నే పొల్లుపోకుండా రాసి ఇచ్చిన పుస్తకాలను చూస్తే నాకు కొంచెం అనుమానం. అన్నేళ్ళూ ఆ మనిషి ఏమీ నేర్చుకోలేదా అనిపిస్తుంది.

‘ప్లాన్’ను ముందే అచ్చువెయ్యడం వల్ల ఒక చిన్న నష్టమూ జరిగింది. 1749లో బెంజమిన్ మార్టిన్ అనే ఆయన తన నిఘంటువు తెచ్చాడు. అందులో అర్థాలకు వరుసగా అంకెలు వేసి, మూలార్థం నుంచి మొదలుపెట్టాడు. ఆ పద్ధతిలో జాన్సన్ ‘ప్లాన్’ జాడలు కనిపిస్తున్నాయని పరిశోధకులు అంటారు. ఆలోచనను సంతలో పరిస్తే ఎవడో ఒకడు బేరమాడకుండానే పట్టుకుపోతాడు.

వచ్చిన అభిప్రాయాల సంగతి జాన్సన్ సరదాగా చెప్పుకునేవాడు. ‘గ్రేట్’ అనే మాట ‘స్టేట్’తో ప్రాస కలవాలని చెస్టర్‌ఫీల్డ్ అన్నాడు. కాదు, ‘సీట్’తో కలవాలి, ఐర్లండ్‌వాడు తప్ప ఇంకెవడూ అలా పలకడు అని సర్ విలియం యంగ్ కబురు పంపాడు. ఒకరు ప్రభువుల సభలో గొప్ప వక్త, ఇంకొకరు సామాన్యుల సభలో గొప్ప వక్త. ఇద్దరు పరిశీలకులు ఎదురుబొదురుగా రాసిన నివేదికలు చేతిలో పట్టుకుని, ఏది పాటించాలో తెలియక కూర్చున్న ప్రతి పరిశోధకుడూ ఇక్కడ ఒక్క నిమిషం ఆగి నవ్వుకోవచ్చు.

ఇక చెస్టర్‌ఫీల్డ్ కథ అందరికీ తెలిసిందే. పది పౌన్లిచ్చి ఊరుకున్నాడు. గుమ్మంలో నిలబెట్టాడు. పుస్తకం సిద్ధమైందని తెలిశాక 1754 చివర్లో ఒక పత్రికలో దాన్ని మెచ్చుకుంటూ రెండు వ్యాసాలు రాశాడు. 1755 ఫిబ్రవరి 7న జాన్సన్ రాసిన జవాబు ఉత్తరం ఇంగ్లిషు గద్యంలో తలమానికాల్లో ఒకటి. మునుగుతున్నప్పుడు చూస్తూ ఊరుకుని, ఒడ్డెక్కాక సాయానికి వచ్చేవాడినే కదా ప్రభూ పోషకుడంటారు అని అందులో అడిగాడు. మళ్ళీ అదే ఒడ్డు! భాగవతాన్ని రాజుల చేతిలో పెట్టనన్న పోతన కథ వింటూ పెరిగిన మనకు ఈ ఉత్తరం పరాయిదనిపించదు. తేడా ఒకటుంది. పోతనకు రాముడున్నాడు, జాన్సన్‌కు పుస్తక వ్యాపారులున్నారు. డబ్బు ఇచ్చి, ఆలస్యాన్ని భరించి, విసుక్కుంటూనే పని పూర్తిచేయించినవాళ్ళు వాళ్ళే. చివరి కాగితం చేతికందగానే ‘దేవుడి దయవల్ల వీడి పీడ విరగడైంది’ అన్నాడట మిల్లర్. దేవుడికి కృతజ్ఞత చెప్పుకునే గుణం ఆయనకు ఉన్నందుకు సంతోషం అన్నాడట జాన్సన్.

మన పక్క ఈ బేరం ఇంకోలా నడిచింది. 1911లో పుట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు తలపెట్టిన మహానిఘంటువుకు పిఠాపురం మహారాజా సూర్యారావు పోషకుడు. జయంతి రామయ్య పంతులు ఆ పనికి వెన్నెముక. మొదటి సంపుటం 1936లో వచ్చింది. పేరు శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువు. పోషకుడు నిజంగా పోషిస్తే ఆయన పేరు అట్ట మీదికెక్కుతుంది, అది న్యాయమే. లండన్ పుస్తకంలో పోషకుడు అన్న మాటకు దక్కిన నిర్వచనంలో అహంకారం, ముఖస్తుతి కూడా వచ్చి చేరాయి.

‘ప్లాన్’ చివర్లో జాన్సన్ వెనక్కి తిరిగి తాను పరిచిన పని ఎంత ఉందో చూసుకుని జడుసుకుంటాడు. బ్రిటన్ తీరం చూసి బెదిరిన సీజరు సైనికుల్లా ఉంది నా పరిస్థితి అంటాడు. దేశమంతా జయించలేకపోయినా తీరమైనా కనిపెడతాను, తర్వాత వచ్చేవాడికి దారి సుళువవుతుంది అంటాడు. ఓటమికి కూడా ఒక ప్రయోజనం ముందే చూపించిపెట్టిన వాక్యం అది. డబ్బు పెట్టిన అయిదారుగురికి ఆ రాత్రి నిద్ర పట్టిందో లేదో!

రెండు పెద్ద సంపుటాలు, 42,773 మాటలు, వెల నాలుగు పౌన్ల పది షిల్లింగులు. మొదటి సంపుటంలో ‘అరైవ్’ దగ్గర తెరిచి చూడండి. మొట్టమొదటి అర్థం నీటిదారిన ఒక చోటికి రావడం. ఆపైన ప్రయాణం చేసి చేరడం, తర్వాత సాధించడం. అర్థాల వరుసలోనే, అది అసలు అర్థమే కాకపోయినా, చేరే చోటు ఎప్పుడూ మంచిదే అయి ఉంటుందన్న ఆ పాత గమనిక కూడా ఒక అంకె వేయించుకుని కూర్చుని ఉంది.